స్పీకర్ తగిలించకముందే మీటర్‌తో అడగాల్సిన ప్రశ్న: ఆంప్‌లో డీసీ ఆఫ్‌సెట్ యాడ నుంచి వస్తాది?

సొంతంగా ఆంప్లిఫయర్ కట్టుకునేవాళ్ళు ఎక్కువమంది ఆగిపోయేది ఈడనే. బోర్డుకి పవర్ ఇచ్చినారు, పొగ రాలేదు, ఫ్యూజు పోలేదు, ట్రాన్స్‌ఫార్మర్ గమ్మున ఉంది, సరే అని స్పీకర్ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ పెడితే సున్నా చూపించాల్సిన చోట 180 మిల్లీవోల్టులో, 2.4 వోల్టులో, లేదంటే ఏకంగా 33 వోల్టులో కనపడతాది. మూడింటినీ డీసీ ఆఫ్‌సెట్ (మ్యూజిక్ లేనప్పుడు కూడా అవుట్‌పుట్‌లో మిగిలిపోయే డీసీ వోల్టేజ్) అనే పిలుస్తారు గానీ మూడింటికీ కారణం వేరు, వెతకాల్సిన చోటు వేరు.

మా తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆంప్ కట్టే పిల్లోళ్ళు శానామంది ఉన్నారు, మైక్ సెట్ షాపుల్లో పని నేర్చుకున్నోళ్ళు కొందరు, డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివినోళ్ళు కొందరు. పార్ట్స్ కోసం ఒకరు చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోతారు, పలమనేరు, కుప్పం సైడు వాళ్ళు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి పోతారు, సీ5200, ఏ1943 అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జతలున్న బోర్డొకటి, 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చుకుని మొదలుపెడతారు. ఆఫ్‌సెట్ వచ్చిందని యాడ చెప్పినా దొరికే సలహా మాత్రం ఒకటే: "అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చెయ్ తమ్ముడూ". మారుస్తారు, డబ్బులు పోతాయి, ఆఫ్‌సెట్ అట్లనే ఉంటాది. ఎందుకంటే పై మూడు రీడింగుల్లో మొదటి రెండింటికీ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకీ సంబంధమే దాదాపు ఉండదు. మూడోదాంట్లో కూడా ముందు తెలుసుకోవాల్సింది ట్రాన్సిస్టర్ బాగుందా లేదా అని కాదు, అవుట్‌పుట్ తప్పు చోట కూర్చుందని ఆంప్ ముందుభాగానికి తెలుసా, తెలిసి దాన్ని వెనక్కి లాగడానికి ప్రయత్నిస్తా ఉందా లేదా అని. ఈ ప్రశ్నకి జవాబు మీటర్ రెండు చోట్ల పెడితే దొరుకుతాది, దానికోసమే ఇదంతా రాస్తా ఉండా.

ముందు విషయం ఏంటో చూద్దాం. ఇప్పుడు మనం కట్టే ఆంప్‌లు చాలావరకు ప్లస్, మైనస్ రెండు సప్లైల మీద నడుస్తాయి. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్‌ని బ్రిడ్జి డయోడ్లు, కండెన్సర్ల గుండా పంపిస్తే 24 ఇంటూ 1.414, అందులో డయోడ్ డ్రాప్ తీసేస్తే సుమారు ప్లస్ 33, మైనస్ 33 వస్తాది, ఈ రెండు సప్లై లైన్లనే ప్లస్ రైలు, మైనస్ రైలు అంటారు. మ్యూజిక్ లేనప్పుడు అవుట్‌పుట్ ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో, అంటే సున్నాలో నిలబడాలి, ఎందుకంటే స్పీకర్‌కీ ఆంప్‌కీ మధ్య డీసీని ఆపే కండెన్సర్ ఏమీ లేదు. 8 ఓమ్స్ స్పీకర్‌ని మీటర్‌తో కొలిస్తే డీసీ రెసిస్టెన్స్ 6 ఓమ్స్ దగ్గర చూపిస్తాది, అంటే 33 వోల్టులు నేరుగా పడితే 5.5 ఆంపియర్లు, 180 వాట్లకి పైన వేడి ఆ సన్న వాయిస్ కాయిల్‌లోనే పుడతాది, పైగా కోన్ ఒకేచోట బిగుసుకుపోయి ఉంటాది కాబట్టి కాయిల్‌కి గాలి కూడా ఆడదు. సెకన్లలో కాలిన వాసన వస్తాది. ట్వీటర్‌కి క్రాసోవర్‌లో కండెన్సర్ అడ్డం ఉంటాది కాబట్టి అది బతుకుతాది, బలయ్యేది ఊఫరే.

అదే 50 మిల్లీవోల్టులైతే 8 మిల్లీఆంపియర్లే పోతాయి, అర మిల్లీవాట్ కూడా కాదు, దానికి నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని లేదు. 20 లోపు ఉంటే చాలా మంచి బోర్డు, 50 వరకు వదిలెయ్యొచ్చు, 100 దాటితే కారణం వెతకాలి. ఒక వోల్టు ఉన్నా స్పీకర్ కాలిపోదు, పోయేది 0.17 వాట్లే, కానీ ఆన్ చేసినప్పుడు ధబ్ మని కొడతాది, కోన్ రవ్వంత పక్కకి జరిగి కూర్చుంటాది, అన్నిటికన్నా ముఖ్యంగా లోపల ఏదో పార్టు దెబ్బతినిందని అది చెప్తా ఉంది.

ఇంకో మాట, ఈ లెక్కలు అన్ని ఆంప్‌లకీ పనికిరావు. 12 వోల్టుల సింగిల్ సప్లై మీద టీడీఏ2030 లాంటి ఐసీ పెట్టుకుంటే దాని అవుట్‌పుట్ కాలు మీద 6 వోల్టులు ఉండాల్సిందే, దాన్ని ఆపడానికే స్పీకర్ ముందు 2200 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) కండెన్సర్ ఉంటాది. కారు ఆంప్‌ల్లో వచ్చే టీడీఏ7388 లాంటి బ్రిడ్జి ఐసీల్లో స్పీకర్ రెండు వైర్లూ ఆరేడు వోల్టుల దగ్గరే ఉంటాయి, బ్లాక్ ప్రోబ్‌ని గ్రౌండ్‌లో పెట్టి కొలిచి ఐసీ పోయిందని తీసి పారేసినోళ్ళు ఉన్నారు. ఆ రెండు వైర్ల మధ్య కొలవాలి, అక్కడ సున్నా దగ్గర ఉంటే ఐసీ బాగున్నట్టే.

కొలిచే పద్ధతి గురించి రెండు ముక్కలు. స్పీకర్ తీసెయ్యండి, ఇన్‌పుట్ జాక్‌ని షార్ట్ చెయ్యండి, మెయిన్స్ లైన్‌లో 60 లేదా 100 వాట్ల గుండు బల్బు సీరీస్‌లో పెట్టండి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, ఫిలమెంట్ ఉన్నదే కావాలి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే, నిండుగా వెలుగుతానే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపెయ్యండి. మీటర్ ముందు 200 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి చూసి, రీడింగ్ చిన్నదైతే అప్పుడు 2000 మిల్లీవోల్టులకి దిగండి. ఆన్ చేసిన వెంటనే వచ్చే నంబర్‌ని నమ్మకండి, ఫీడ్‌బ్యాక్‌లో (అవుట్‌పుట్‌ని ఆంప్ ముందుభాగానికి వెనక్కి తెచ్చే దారిలో) 22కె, అంటే 22 వేల ఓమ్స్ రెసిస్టర్, 100 ఎంఎఫ్‌డీ కండెన్సర్ ఉంటే దాని టైమే 2.2 సెకన్లు, అది నిండి నిలకడగా రావడానికి పది సెకన్లు పైనే పడతాది. ఆఫ్ చేసినాక ఫిల్టర్ కండెన్సర్లని ఒక వంద ఓమ్స్, అయిదు వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి అప్పుడే చెయ్యి పెట్టండి, రెండు రైళ్ళ మధ్య 66 వోల్టులు ఉంటాయి.

అన్నిటికన్నా ముందు ప్లస్ రైలు, మైనస్ రైలు రెండూ బోర్డు దాకా వస్తా ఉన్నాయా చూడండి. మైనస్ ఫ్యూజు ఒకటి పోయినా అవుట్‌పుట్ ప్లస్ వైపు ఎక్కి కూర్చుంటాది, దానికోసం బోర్డంతా విప్పిన కేసులు ఉన్నాయి. ఒక రైలు 33, ఇంకోటి 32 ఉందని మాత్రం కంగారు పడొద్దు, ఆ తేడా వల్ల ఆఫ్‌సెట్ పెద్దగా రాదు.

ఇప్పుడు అసలు సంగతి. మూడు అంచెల ట్రాన్సిస్టర్ ఆంప్ అంటే దాని మూలం 1956లో ఆర్సీఏలో హెచ్.సీ. లిన్ చూపించిన, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని సర్క్యూట్ దాకా పోతాది. ఇప్పుడు మార్కెట్‌లో దొరికే బోర్డుల్లో ఎక్కువ శాతం ఇట్లా ఉంటాయి: ముందు బీసీ556 లాంటి రెండు చిన్న పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు జతగా, వాటి వెనక మైనస్ రైలు మీద ఒక ఎన్‌పీఎన్ (దీన్ని వీఏఎస్ అంటారు, వోల్టేజ్ పెంచేది ఇదే), ఆ తర్వాత పెద్దవాటిని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, చివర్న పెద్ద ట్రాన్సిస్టర్లు. ముందున్న జత అంగడి త్రాసు లాంటిది. ఒక తట్టలో ఇన్‌పుట్, ఇంకో తట్టలో అవుట్‌పుట్ నుంచి ఫీడ్‌బ్యాక్‌గా వచ్చిన వోల్టేజ్. తట్టలు సమానం కాకపోతే అది వీఏఎస్‌ని కదిలించి అవుట్‌పుట్‌ని సమానం అయ్యేదాకా జరుపుతానే ఉంటాది. త్రాసులోనే దోషం ఉంటే ఆంప్ తప్పు చోటునే సరైన చోటు అనుకుని నిలబడతాది, చిన్న ఆఫ్‌సెట్‌లు అన్నీ ఇట్లా పుట్టేవే.

ఆ దోషం ఎంత వస్తాదో లెక్క వేసి చూపిస్తా, ఎందుకంటే లెక్క తెలిస్తే నంబర్ చూడగానే అనుమానం యాడికి పోవాలో తెలుస్తాది. ముందు జతకి మొత్తం 2 మిల్లీఆంపియర్ల కరెంట్ ఇచ్చినాం అనుకోండి, ఒక్కోదానికి 1. ట్రాన్సిస్టర్ గెయిన్ (కరెంట్‌ని ఎన్ని రెట్లు పెంచుతాదో ఆ లెక్క) 200 ఉంటే ఒక్కో బేస్ (ట్రాన్సిస్టర్‌ని కంట్రోల్ చేసే కాలు, మిగతా రెండూ ఎమిటర్, కలెక్టర్) నుంచి 5 మైక్రోఆంపియర్లు బయటికి వస్తాయి. ఇన్‌పుట్ వైపు బేస్‌కి గ్రౌండ్‌కి మధ్య 22కె ఉంటే అక్కడ 110 మిల్లీవోల్టులు పుడతాయి. ఇది ఎప్పుడూ ఉండేదే, మరి ఆఫ్‌సెట్ ఎందుకు కనపడదు అంటే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కూడా 22కె కాబట్టి ఆ వైపు కూడా అంతే పుట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే ఈ రెండు రెసిస్టర్లూ ఒకే విలువ ఉండాలని డిజైన్ చేసినోళ్ళు పట్టుబడతారు. ఎవరో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ పెంచుదామని 22కె తీసి 47కె పెట్టినారంటే ఆ వైపు 235, ఈ వైపు 110, తేడా 125 మిల్లీవోల్టులు అవుట్‌పుట్‌లో కనపడతాది. ఏ పార్టూ చెడిపోలేదు, ఏది మార్చినా తగ్గదు.

రెసిస్టర్లు సమానంగా ఉన్నా ట్రాన్సిస్టర్ల గెయిన్ ఒకటి 150, ఇంకోటి 250 ఉంటే బేస్ కరెంట్లు 6.7, 4 మైక్రోఆంపియర్లు అవుతాయి, 22కె మీద ఆ తేడా 59 మిల్లీవోల్టులు. చవక మీటర్‌లో కూడా ఉండే హెచ్ఎఫ్ఈ (గెయిన్ కొలిచే) సాకెట్ చాలు, పది బీసీ556లు తెచ్చుకుని దగ్గర దగ్గర ఉన్న రెండింటిని ఏరుకోండి, కాకపోతే వేళ్ళతో పట్టుకున్న వేడికే గెయిన్ పెరుగుతాది కాబట్టి సాకెట్‌లో పెట్టి కాసేపు ఆగి చదవండి. రెండింటినీ బోర్డు మీద ముఖాలు ఆనించి ఒక స్లీవ్‌లో బిగిస్తే ఇంకా మంచిది, బేస్-ఎమిటర్ వోల్టేజ్ డిగ్రీకి 2 మిల్లీవోల్టులు మారుతాది, ఒకటి హీట్ సింక్ పక్కన, ఇంకోటి ఫ్యాన్ గాలిలో ఉండి పది డిగ్రీల తేడా వస్తే అక్కడే 20 మిల్లీవోల్టులు.

ఇంకా ఎక్కువమంది చూడని చోటు ఒకటుంది. ఇన్‌పుట్ వైపు ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి మైనస్ రైలుకి పోయే రెసిస్టర్. దాని మీద వీఏఎస్ బేస్-ఎమిటర్ వోల్టేజ్, అంటే 0.65 వోల్టులే ఉంటాయి. అది 680 ఓమ్స్ అయితే 0.95 మిల్లీఆంపియర్ పోతాది, మొత్తం 2లో సగానికి దగ్గర, త్రాసు సమానం. దాని బదులు 2.2కె పడిందనుకోండి, రంగులు తప్పు చదివి పెట్టినా సరే, బోర్డులోనే తప్పు విలువ వచ్చినా సరే, ఆ వైపు 0.3, ఇంకో వైపు 1.7 అయిపోతాది. బేస్ కరెంట్ల తేడా వల్ల 154, బేస్-ఎమిటర్ వోల్టేజ్ తేడా వల్ల ఇంకో 45, రెండూ ఒకే దిక్కున కలిసి మైనస్ 200 మిల్లీవోల్టులు. జత ట్రాన్సిస్టర్లు ఎంత బాగా మ్యాచ్ చేసినా ఇది పోదు. కాబట్టి 100 నుంచి 300 మిల్లీవోల్టుల మధ్య ఆఫ్‌సెట్ ఉంటే మార్చడం పక్కన పెట్టి, ఆ రెసిస్టర్ మీద వోల్టేజ్ కొలిచి కరెంట్ లెక్కేసి, అది మొత్తంలో సగం ఉందా లేదా చూడండి.

ఈడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. చాలా బోర్డుల మీద ఒక్క ప్రీసెట్టే (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే చిన్న రెసిస్టర్) ఉంటాది, అది ఆఫ్‌సెట్ ప్రీసెట్ కాదు, బయాస్ ప్రీసెట్. దాన్ని తిప్పితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో ఊరికే పోయే కరెంట్ మారుతాది, ఆఫ్‌సెట్ మారదు. ఆఫ్‌సెట్ తగ్గట్లేదని దాన్ని ఒక కొసకి తిప్పేస్తే కరెంట్ ఆంపియర్లలోకి ఎక్కి సీ5200, ఏ1943 రెండూ కళ్ళముందే పోతాయి. ఏ ప్రీసెట్ ఏదో తెలియకపోతే ముట్టుకోవద్దు. బయాస్ చూడాలంటే 0.22 ఓమ్స్ ఎమిటర్ రెసిస్టర్ ఒకదాని మీద మీటర్ పెట్టండి, 11 మిల్లీవోల్టులు వస్తే 50 మిల్లీఆంపియర్లు పోతా ఉన్నట్టు.

ఇంక అర వోల్టు నుంచి అయిదు వోల్టుల దాకా ఉండే ఆఫ్‌సెట్. ఇది మధ్య రకం, జత మ్యాచ్ కానంత మాత్రాన ఇంత రాదు, ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే ఇంతతో ఆగదు. ఈ సైజు కనపడిందంటే నా అనుమానం మొదట పోయేది ఫీడ్‌బ్యాక్‌లో గ్రౌండ్ వైపు ఉండే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ మీదికే. ఫీడ్‌బ్యాక్ 22కె, గ్రౌండ్‌కి 1కె, దానికి సీరీస్‌లో 47 లేదా 100 ఎంఎఫ్‌డీ. మ్యూజిక్‌కి ఈ ఆంప్ గెయిన్ 23, కానీ కండెన్సర్ డీసీని పోనివ్వదు కాబట్టి డీసీకి గెయిన్ 1 మాత్రమే. ఆ కండెన్సర్ షార్ట్ అయ్యిందంటే డీసీకి కూడా గెయిన్ 23 అయిపోతాది, ఇందాక చెప్పిన 110 మిల్లీవోల్టులు ఇప్పుడు రద్దు కావు, 23 రెట్లు అవుతాయి. లెక్క సరిగ్గా వేస్తే 2.4 వోల్టులు వస్తాది. మొదట్లో చెప్పిన ఆ 2.4 ఇదే.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఆ 1కె రెసిస్టర్ రెండు కొసల మధ్య మీటర్ పెట్టండి. కండెన్సర్ మంచిదైతే దాంట్లో డీసీ కరెంట్ పోదు, కాబట్టి 1కె మీద సున్నా ఉంటాది. అక్కడ 100 మిల్లీవోల్టుల చుట్టుపక్కల ఏమైనా కనపడితే కండెన్సర్ పోయినట్టే. కండెన్సర్ ఒక కాలు లేపి చూద్దాం అని మాత్రం చెయ్యొద్దు, కాలు లేపితే మ్యూజిక్ గెయిన్ కూడా 1కి పడిపోయి కొన్ని బోర్డులు ఆసిలేషన్‌లోకి (సిగ్నల్ లేకుండానే తమంతట తామే ఊగడంలోకి) పోతాయి, కొత్తది పెట్టే చూడండి.

ఇదే సైజులో రెండో కారణం బయటి నుంచి వచ్చే డీసీ. బ్లూటూత్ బోర్డు గానీ, టోన్ కంట్రోల్ బోర్డు గానీ సింగిల్ సప్లై మీద నడిచేవైతే దాని అవుట్‌పుట్ సగం సప్లై మీద, 9 వోల్టులకి 4.5 దగ్గర ఉండొచ్చు, మధ్యలో కండెన్సర్ లేకపోతే అది అట్లనే ఆంప్‌లోకి వచ్చి స్పీకర్ దాకా పోతాది. ఇన్‌పుట్ కండెన్సర్ లీక్ అయినా కొంత వస్తాది. జాక్ షార్ట్ చేస్తే ఆఫ్‌సెట్ తగ్గి, సోర్స్ తగిలిస్తే మళ్ళా పెరిగితే దొంగ బయట ఉన్నట్టు. వాల్యూమ్ తిప్పేకొద్దీ ఆఫ్‌సెట్ మారడం, తిప్పేటప్పుడు గరగరలాడటం కూడా వాల్యూమ్ పాట్‌లో డీసీ పోతా ఉందనడానికి గుర్తే, పాట్ మార్చకముందు కండెన్సర్ చూడండి.

ఇప్పుడు అందరినీ భయపెట్టే రకం, అవుట్‌పుట్ పోయి రైలుకి అతుక్కోవడం. ఈడ చిక్కు ఏంటంటే ఫీడ్‌బ్యాక్ ఉన్న సర్క్యూట్‌లో ఒక్క పార్టు పోతే అన్ని వోల్టేజీలూ తప్పుగానే కనపడతాయి, ఏది జబ్బు, ఏది ఆ జబ్బుని సరిచెయ్యడానికి ఆంప్ పడే తంటా అని తేడా తెలియదు. అందుకే ముందే చెప్పిన ప్రశ్న అడగాలి. దానికి మీటర్ పెట్టాల్సిన రెండు చోట్లూ వీఏఎస్ మీదనే ఉన్నాయి: దాని బేస్-ఎమిటర్ మధ్య ఎంత, దాని కలెక్టర్ మీద ఎంత.

అవుట్‌పుట్ ప్లస్ 33లో ఇరుక్కుందనుకోండి. ముందున్న జత బాగుంటే ఏం చెయ్యాలి? అవుట్‌పుట్ పైకి పోయింది, కిందికి లాగు అని వీఏఎస్‌ని గట్టిగా ఆన్ చెయ్యాలి, అంటే వీఏఎస్ బేస్-ఎమిటర్ మధ్య 0.65, 0.7 ఉండాలి. ఉందంటే ముందుభాగం తన పని చేస్తా ఉంది, దాని జోలికి పోవద్దు. అప్పుడు వీఏఎస్ కలెక్టర్ చూడండి. అది కూడా మైనస్ రైలు వైపు దిగిపోయిందా? దిగినా అవుట్‌పుట్ మాత్రం పైనే ఉందంటే మాట వినకుండా ఉన్నది డ్రైవరో, ప్లస్ వైపు అవుట్‌పుట్ ట్రాన్సిస్టరో, అది కలెక్టర్-ఎమిటర్ షార్ట్ అయ్యుంటాది. కలెక్టర్ దిగలేదంటే వీఏఎస్సే ఓపెన్. అట్లా కాకుండా అవుట్‌పుట్ పైన ఉన్నా బేస్-ఎమిటర్ మధ్య సున్నా ఉందంటే ముందుభాగమే నిద్రపోతా ఉంది: జతకి కరెంట్ ఇచ్చే రెసిస్టరో సోర్సో పోయింది, లేదా ఇన్‌పుట్ వైపు ట్రాన్సిస్టర్ ఓపెన్, లేదా మైనస్ రైలే రాలేదు. ఈ కేసులో ఎన్ని పవర్ ట్రాన్సిస్టర్లు మార్చినా ప్రయోజనం సున్నా.

మైనస్ 33లో ఇరుక్కుంటే ఇదంతా తిరగేసి చదవాలి. వీఏఎస్ ఆఫ్ అయ్యి బేస్-ఎమిటర్ మధ్య 0.4 కంటే తక్కువ ఉండాలి. అట్లా ఉండి కూడా కలెక్టర్ కిందనే ఉంటే వీఏఎస్ షార్ట్, లేదంటే దాన్ని పైకి లాగాల్సిన కరెంట్ సోర్స్ లేదా బూట్‌స్ట్రాప్ రెసిస్టర్ ఓపెన్. కలెక్టర్ పైకి వచ్చి అవుట్‌పుట్ మాత్రం కింద ఉంటే ఏ1943 వైపు షార్ట్. అవుట్‌పుట్ మైనస్‌లో ఉన్నా వీఏఎస్ ఇంకా 0.7తో గట్టిగా ఆన్‌లోనే ఉందంటే ముందుభాగానికి తప్పుడు కబురు అందుతా ఉంది, ఫీడ్‌బ్యాక్ 22కె ఓపెన్ అయిందో, దాని దగ్గర డ్రై సోల్డర్ ఉందో చూడండి, అది తెగితే ఫీడ్‌బ్యాక్ వైపు బేస్ గాల్లో ఉండిపోయి అవుట్‌పుట్ సరిగ్గా మైనస్ రైలుకే పోతాది. మీ బోర్డులో జత ఎన్‌పీఎన్, వీఏఎస్ పీఎన్‌పీ అయితే ప్లస్ మైనస్‌లు తారుమారు చేసుకుంటే సరిపోతాది, ప్రశ్న అదే.

షార్ట్ అని తేలిన తర్వాత పవర్ ఆఫ్‌లో డయోడ్ మోడ్‌లో నిర్ధారించుకోండి, కలెక్టర్-ఎమిటర్ మధ్య బీప్ కొడితే పోయినట్టే. మైకా (ట్రాన్సిస్టర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య పెట్టే ఇన్సులేటర్ రేకు) కూడా చూడండి, సీ5200 వెనక లోహం దాని కలెక్టరే, మైకా చిట్లితే రైలు నేరుగా హీట్ సింక్ మీదికి వస్తాది. టీడీఏ7294 వాడే వాళ్ళకి ఇంకా ముఖ్యం, దాని వెనక భాగం మైనస్ సప్లైకి కలిసి ఉంటాది, ఇన్సులేషన్ లేకుండా గ్రౌండ్ అయిన క్యాబినెట్‌కి బిగిస్తే మైనస్ రైలు షార్ట్.

కొత్త జత పెట్టకముందు పవర్ ట్రాన్సిస్టర్లు లేకుండా ఒకసారి నడిపి చూడటం నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి. రెండు డ్రైవర్ల ఎమిటర్ల నుంచి అవుట్‌పుట్ లైన్‌కి ఒక్కో వంద ఓమ్స్ రెసిస్టర్ తాత్కాలికంగా సోల్డర్ చేస్తే ఫీడ్‌బ్యాక్ దారి పూర్తవుతాది, స్పీకర్ లేకుండా ఆన్ చేస్తే ఆంప్ మొత్తం డ్రైవర్ల మీదనే నిలబడి అవుట్‌పుట్ సున్నాకి రావాలి. వచ్చిందా, ముందుభాగం నిక్షేపంగా ఉంది, ఇప్పుడు ధైర్యంగా పవర్ ట్రాన్సిస్టర్లు బిగించండి. రాలేదంటే ఖరీదైన జత ఇంకోటి కాలిపోకుండా మిగిలింది. నకిలీ సీ5200లు మార్కెట్ నిండా ఉన్న ఈ రోజుల్లో మంచి జత దొరకడమే కష్టం, దాన్ని పరీక్షకి బలి పెట్టకూడదు.

రైలుకి అతుక్కున్న ఆంప్ బాగయినాక ఫీడ్‌బ్యాక్ కండెన్సర్‌ని కూడా మార్చెయ్యండి, 16 వోల్టులదో 25 వోల్టులదో అయ్యుంటాది, 22కె గుండా 33 వోల్టుల దెబ్బ తినింది, మైనస్‌లో ఇరుక్కున్నదైతే పొలారిటీ తిరగబడి ఇంకా పాడయ్యుంటాది. మంచి డిజైన్లలో ఈ కండెన్సర్‌కి అడ్డంగా ఎదురెదురుగా డయోడ్లు పెట్టేది ఇందుకే. ఫీడ్‌బ్యాక్ వైపు చిన్న ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ కూడా రివర్స్‌లో దెబ్బ తినుంటాది, జతనే కొత్తది వెయ్యడం మేలు, ఆ రెండింటి ఖరీదు ఎంతని.

ఏ లెక్కకీ లొంగని ఆఫ్‌సెట్ ఒకటుంది, ప్రోబ్ పెట్టే చోటుని బట్టి, చెయ్యి దగ్గరికి తెస్తే మారిపోయేది. మ్యూజిక్ లేకపోయినా హీట్ సింక్ వేడెక్కుతా ఉంటే అది ఆసిలేషన్, ఆంప్ మన చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో తనంతట తానే ఊగుతా ఉంటాది. అవుట్‌పుట్‌లో 10 ఓమ్స్, 0.1 ఎంఎఫ్‌డీ జత సరిగ్గా ఉందా, వీఏఎస్ మీద చిన్న పీఎఫ్ కండెన్సర్ ఉందా, ఇన్‌పుట్ వైర్ అవుట్‌పుట్ వైర్ పక్కనే పోతా ఉందా చూడండి. ఆసిలోస్కోప్ ఉన్నోళ్ళకి ఇది ఒక్క నిమిషం పని.

సర్వో ఉన్న బోర్డుల గురించి కూడా చెప్పాలి. టీఎల్071 లాంటి ఆప్‌ఆంప్ ఒకటి అవుట్‌పుట్‌లో డీసీని గమనించి నెమ్మదిగా సరిచేస్తా ఉంటాది, మీటర్‌లో ఎప్పుడూ ఒకటి రెండు మిల్లీవోల్టులే కనపడతాయి. మంచిదే గానీ లోపల జత పూర్తిగా పక్కకి ఒరిగినా అది కప్పేస్తాది. అట్లాంటి బోర్డులో ఆఫ్‌సెట్ కాదు, ఆప్‌ఆంప్ అవుట్‌పుట్ కాలు కొలవండి, అది తన సప్లై కొసల దాకా పోయిందంటే సర్వో శక్తికి మించి మోస్తా ఉంది.

ఇంక వేడి. మే నెలలో గంగమ్మ జాతర టైమ్‌కి తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతాది, పల్లెల్లో మహాభారతం నాటకాలు తెల్లవార్లూ నడుస్తాయి, ఆంప్ గంటల తరబడి రేకుల పందిరి కింద ఉంటాది. పొద్దున ఏసీ రూములో 15 మిల్లీవోల్టులు చూపించిన బోర్డు అక్కడ 60 చూపించొచ్చు, అది మామూలే. కానీ 15 నుంచి మొదలై గంటలో 300 దాటి పెరుగుతానే పోతా ఉంటే లీకవుతున్న ట్రాన్సిస్టరో కండెన్సరో ఉంది. బాగుచేసిన ఆంప్‌ని చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, డమ్మీ లోడ్ (స్పీకర్ బదులు తగిలించే పెద్ద రెసిస్టర్) మీద అర గంట గట్టిగా వాయించి సిగ్నల్ తీసేసి మళ్ళా ఒకసారి కొలవండి. పైసలకి వాయించే సెట్‌కైతే ఈ రెండో రీడింగే ముఖ్యం.

ప్రొటెక్షన్ బోర్డు లేకుండా మాత్రం పెద్ద ఆంప్‌ని ఊరి మీదికి పంపొద్దు. యూపీసీ1237 ఐసీతో వచ్చే రిలే బోర్డు చాలు, డీసీ కనపడితే స్పీకర్‌ని విడదీస్తాది, ఆన్ చేసినప్పుడు కొన్ని సెకన్లు ఆగి కలుపుతాది. అయితే దాన్ని ఎట్లా వైరింగ్ చేసినారన్నది చూడాలి. మామూలు రిలేల మీద డీసీ రేటింగ్ 30 వోల్టులే రాసుంటాది, 50 వోల్టుల రైలున్న ఆంప్‌లో డీసీ వచ్చి రిలే తెరుచుకున్నా కాంటాక్ట్‌ల మధ్య నిప్పు ఆరకుండా వెలుగుతానే ఉంటాది, కరెంట్ స్పీకర్‌లోకి పోతానే ఉంటాది, రిలే పెట్టినా స్పీకర్ ఎందుకు కాలిందని తలలు పట్టుకునేది ఇందుకే. స్పీకర్‌ని రిలే కామన్ కాలుకి, ఆంప్‌ని నార్మల్లీ ఓపెన్ కాలుకి, ఖాళీగా వదిలేసే నార్మల్లీ క్లోజ్డ్ కాలుని గ్రౌండ్‌కి కలపండి. అప్పుడు రిలే పడిపోగానే స్పీకర్ రెండు కొసలూ గ్రౌండ్ అవుతాయి, నిప్పు ఏమైనా పుడితే అది ఆంప్ నుంచి గ్రౌండ్‌కి పోయి రైలు ఫ్యూజుని పేలుస్తాది. ఫ్యూజు ప్లస్, మైనస్ రెండు రైళ్ళలోనూ ఉండాలి, లెక్క ప్రకారం వచ్చిన ఆంపియర్లదే ఉండాలి, రాగి తీగ చుట్టింది కాదు.